ఏటేటా ఓ చిన్న అంగీ

స్నానాలు, అన్నాలు, జ్వరాలు, బడి సంచులతో నిండిపోయే పసితనపు రోజులను మరణం దాటి నిలిచే జీవితంతో ముడివేసి చూడడాన్ని క్రైస్తవ గృహాలు నిత్యత్వ దృష్టి అంటాయి. ఆ దృష్టి ఎక్కడ పుట్టింది, తల్లిదండ్రులకు ఏమి నేర్పింది, ఏ పొరపాట్లలో చెదిరిపోతుంది?

క్రైస్తవ విశ్వాసంలో ‘నిత్యత్వం’ అనే మాటకు కాలం ఎడతెగకుండా సాగిపోవడమనే అర్థం ఒక్కటే లేదు. ఆద్యంతాలు లేని దేవుని జీవమూ, ఆ జీవంలో మనిషికి దొరికే పాలూ ఆ మాటలో ఇమిడి ఉన్నాయి కనుక, బైబిలు ‘నిత్యజీవం’ అని పిలిచేది మరణం తర్వాత మాత్రమే మొదలయ్యేది కాదు, విశ్వసించినవారిలో ఈ లోకంలోనే మొలకెత్తి ఆ లోకంలో పండేది. కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రికలో అపొస్తలుడైన పౌలు కంటికి కనబడేవాటినీ కనబడనివాటినీ వేరుచేసి, మొదటివి కొంతకాలానికే పరిమితమని, రెండోవి ఎన్నటికీ ఉండేవని బోధించాడు. ఈ ఎరుకను మనసులో ఉంచుకొని రోజువారీ బతుకును తూచుకోవడమే నిత్యత్వ దృష్టి.

పసిపిల్లలున్న ఇంట్లో ఈ దృష్టిని నిలుపుకోవడం కష్టం. పాలు పట్టడం, బట్టలు ఉతకడం, జోకొట్టడం, ఒకరి జ్వరం తగ్గేసరికి మరొకరికి రావడం వంటి వాటితో తెల్లవారినది తెలియక, పొద్దుగూకినది తెలియక గడిచే దినాల్లో తల్లిదండ్రుల ఆలోచన తర్వాతి పూట అన్నం దాటి వెళ్లడమే అరుదు; ఒకవేళ దాటినా అది బడి ఫీజు దగ్గరో, పదేళ్ల తర్వాత రాయబోయే పోటీ పరీక్ష దగ్గరో ఆగిపోతుంది. అయితే పిల్లల పెంపకం గురించి లోతుగా ఆలోచించిన క్రైస్తవ గురువులు ఈ పనులను నిత్యత్వానికి అడ్డుగా చూడలేదు. ఈ పనుల మధ్యనే బిడ్డకు నిత్యత్వం పరిచయమవుతుందని, ఆ దృష్టి ఉన్న ఇంట్లో చిన్న పనికి గౌరవం పెరుగుతుందని, లోకం కొండంతగా చూపించేది తన అసలు కొలతకు వస్తుందని, అన్నిటికీ మించి బిడ్డ తల్లిదండ్రుల సొత్తు కాదని, దేవుడు వారి చేతికి అప్పగించిన నిక్షేపమని వారు బోధించారు.

గుమ్మానికి కట్టిన మాట

ఈ ఆలోచన వేళ్లు యూదుల లేఖనాల్లో ఉన్నాయి. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో మోషే ఇశ్రాయేలీయులకు దేవుడు ఒక్కడేనని, ఆయనను నిండు మనసుతో ప్రేమించాలని చెప్పిన వెంటనే, ఆ మాటను పిల్లలకు నేర్పవలసిన వేళలను కూడా చెబుతాడు. అవి ఇంట్లో కూర్చున్న వేళ, దారిలో నడిచే వేళ, పడుకునే వేళ, నిద్ర లేచే వేళ. హెబ్రీ భాషలో ‘విను’ అనే అర్థమిచ్చే తొలి మాటను బట్టి ‘షెమా’ అని పేరుపడిన ఈ భాగాన్ని యూదులు నేటికీ ఉదయం, రాత్రి పఠిస్తారు; తోలు కాగితం మీద రాసి, చిన్న గొట్టంలో పెట్టి ద్వారబంధానికి బిగిస్తారు. దీన్నే ‘మెజూజా’ అంటారు.

ఇక్కడ గమనించవలసింది ఆ వేళల ఎంపిక. మోషే చెప్పిన నాలుగింటిలో ఒక్కటి కూడా పాఠశాల వేళ కాదు, గుడి వేళ కాదు. చిన్నపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఎలాగూ ఉండే వేళలే అవి. బిడ్డను చంకనెత్తుకొని వీధి చివర దాకా నడిచే తండ్రికి, పక్కలో పడుకోబెట్టుకున్న తల్లికి ప్రత్యేకంగా సమయం కేటాయించుకోవలసిన పని లేకుండానే, ఉన్న సమయానికి అర్థం కల్పించే ఏర్పాటు అది. 78వ కీర్తన దీనికి మరో కొలత జోడిస్తుంది. తండ్రులు బిడ్డలకు, ఆ బిడ్డలు ఇంకా పుట్టని తరానికి, వారు తమ పిల్లలకు దేవుని కార్యాలను చెప్పుకుంటూ పోవాలని ఆ కీర్తన కోరుతుంది. ఉయ్యాలలో ఉన్న పసికందులో ఇంకా పుట్టని మనుమలను కూడా చూడగలగడం పాత నిబంధనలోని నిత్యత్వ దృష్టికి మొదటి మెట్టు.

కొత్త నిబంధనలో ఈ వరుసకు స్పష్టమైన ఉదాహరణ తిమోతి కుటుంబం. అతని తండ్రి గ్రీకువాడు. విశ్వాసం మాత్రం అవ్వ లోయి, తల్లి యూనీకే నుంచి వచ్చిందని పౌలు గుర్తుచేస్తాడు. తిమోతికి లేఖనాలు ఎప్పటి నుంచి తెలుసో చెప్పేటప్పుడు పౌలు వాడిన గ్రీకు మాట ‘బ్రెఫోస్’, అంటే చంటిబిడ్డ. అక్షరం రాకముందే, అవ్వ ఒడిలోనే లేఖనం ఆ బిడ్డ చెవిన పడిందని ఆ మాట సూచిస్తుంది. సువార్తల్లో యేసు దగ్గరికి పిల్లలను తెచ్చినప్పుడు శిష్యులు అడ్డగించడం, యేసు వారి మీద కోపగించుకోవడం మార్కు 10వ అధ్యాయంలో ఉంది. దేవుని రాజ్యం ఇలాంటివారిదేనని ఆయన చెప్పింది పెద్దలతో. పిల్లలను మాత్రం ఎత్తుకొని, తల మీద చేతులుంచి ఆశీర్వదించాడు. నిత్యరాజ్యం ఆ పసివాళ్లకు బోధగా కంటే ముందు ఒక కౌగిలిగా అందింది.

ముందు కథ, తర్వాత గంభీరమైన మాట

నిత్యత్వాన్ని పిల్లలకు ఏ వయసులో, ఎంతవరకు చెప్పాలన్న ప్రశ్నకు దొరికే అతి పాత సమాధానాల్లో ఒకటి 4వ శతాబ్దం చివర అంతియొకయ నగరంలో పేరుపొందిన బోధకుడు యోహాను క్రిసొస్తొము ఇచ్చినది. ‘క్రిసొస్తొము’ అంటే గ్రీకులో బంగారు నోరు కలవాడని అర్థం. ఆయన వాక్పటిమకు జనం పెట్టిన పేరది. వృథా కీర్తి కాంక్ష గురించి, పిల్లల పెంపకం గురించి కలిపి ఆయన రాసిన పుస్తకంలో బిడ్డ మనసు కొత్తగా కట్టిన నగరమని, కన్ను, చెవి, నాలుక, ముక్కు, స్పర్శ ఆ నగరానికి ద్వారాలని, తల్లిదండ్రులు ఆ ద్వారాల దగ్గర కాపలా ఉండాలని అంటాడు. కీర్తి కాంక్షనూ పెంపకాన్నీ ఒకే పుస్తకంలో చేర్చడం యాదృచ్ఛికం కాదు. బంగారు నగలు, పట్టుబట్టలు, పొగడ్తలతో బిడ్డను ముంచెత్తే ఇల్లు ఆ బిడ్డకు కనబడేదాన్నే ప్రేమించడం నేర్పుతుందని ఆయన ఆవేదన.

ఆయన చెప్పిన పద్ధతి ఈనాటి ఉపాధ్యాయులకు కూడా ఆమోదయోగ్యమైనది. రాత్రి భోజన వేళ తండ్రి కయీను, హేబెలు కథను హాయిగా వినేలా చెప్పాలి. కొన్ని రోజులకు మళ్లీ చెప్పాలి. ఆ తర్వాత బిడ్డ చేతనే చెప్పించాలి. అలా ఇంట్లో తెలిసిన కథను ఒకనాడు ఆలయంలో చదువుతుండగా విన్నప్పుడు, మిగతావారి కంటే ముందే తనకు తెలుసన్న ఆనందంతో ఆ బిడ్డ ఉప్పొంగిపోతాడని ఆయన ఊహించాడు. నరకం ప్రస్తావన విషయంలో ఆయన మరింత జాగ్రత్త చూపాడు. లేత మనసు మీద మోయలేని బరువు పెట్టకూడదని హెచ్చరించి, ఆ మాట పదిహేనేళ్లు వచ్చాక చెప్పవచ్చని అన్నాడు. నిత్యత్వమనగానే పసిపిల్లలకు అగ్నిగుండాల బొమ్మలు చూపించే ధోరణి భక్తికి నిదర్శనం కాదని చెప్పడానికి పదహారు శతాబ్దాల నాటి ఈ ఒక్క సలహా చాలు.

1981లో వెలువడిన గ్రంథంలో జేమ్స్ ఫౌలర్ అనే అమెరికన్ పండితుడు విశ్వాసం పెరిగే దశలను వర్ణిస్తూ, సుమారు మూడు నుంచి ఏడేళ్ల వరకు పిల్లలు ఊహల ద్వారా, పెద్దలను అనుకరించడం ద్వారా విశ్వాసాన్ని గ్రహిస్తారని, ఆ తర్వాతి దశలో కథలను ఉన్నది ఉన్నట్టుగా నమ్ముతారని వివరించాడు. క్రిసొస్తొము అనుభవంతో చెప్పినదానికి ఇది ఆధునిక పరిభాష. ఆ వయసు బిడ్డకు పరలోకం గురించిన సిద్ధాంతం అక్కరలేదు. పరలోకాన్ని నమ్మే మనిషి మోకరించడం, క్షమించడం, దుఃఖంలో పాడడం కళ్లారా చూడడమే కావాలి.

విట్టెన్‌బర్గ్‌లో ఒక ఇల్లు

నిత్యత్వ దృష్టి ఒక కుటుంబంలో ఎలా మసలిందో తెలుసుకోవడానికి చరిత్రలో వివరంగా నమోదైన ఇల్లు మార్టిన్ లూథర్‌ది. జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో ఒకప్పుడు సన్యాసుల మఠంగా ఉన్న భవనంలోనే ఆయన, సన్యాసినిగా ఉండి బయటికి వచ్చిన కాథరినా ఫాన్ బోరా 1525లో పెళ్లి చేసుకొని కాపురం పెట్టారు. వారికి ఆరుగురు పిల్లలు కలిగారు. పెళ్లికి మూడేళ్ల ముందే, 1522లో, వివాహ జీవితం గురించి రాసిన పుస్తకంలో లూథర్ ఆనాటి సమాజానికి వింతగా తోచే మాట చెప్పాడు. పసిబిడ్డ మలమూత్రాల గుడ్డలు ఉతికే తండ్రిని చూసి లోకం నవ్వవచ్చు గానీ, ఆ పనిని అతడు విశ్వాసంతో చేస్తే దేవుడు తన దూతలందరితో కలిసి సంతోషిస్తాడని దాని సారాంశం. మఠంలో రాత్రింబవళ్లు చేసే జపతపాలే దేవునికి ప్రియమైనవని, సంసారం రెండో తరగతి బతుకని భావించిన కాలంలో ఉయ్యాల పక్కన చేసే చాకిరీకి పరలోకపు లెక్కలో చోటు దొరికింది.

1529లో ఆయన ‘చిన్న కాటికిజం’ ప్రచురించాడు. కాటికిజం అంటే విశ్వాసంలోని మూలవిషయాలను ప్రశ్నలు, జవాబుల రూపంలో నేర్పే చిన్న పుస్తకం. అంతకుముందు సాక్సనీ గ్రామాల్లోని సంఘాలను పరిశీలించినప్పుడు పల్లె ప్రజలకే కాక కొందరు పాదిరులకు కూడా పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన సరిగా తెలియకపోవడం ఆయనను కలచివేసింది. అందుకే ఈ పుస్తకాన్ని ఇంటి యజమాని తన ఇంటివారికి సులువుగా చెప్పదగిన తీరులో రాశాడు. పొద్దున లేవగానే చేసే ప్రార్థన, భోజనానికి ముందూ తర్వాతా చేసే ప్రార్థనలు, పడుకోబోయే ముందు చేసే ప్రార్థన అందులో చేరాయి. ఉదయ ప్రార్థన తర్వాత సంతోషంగా పనికి వెళ్లమని, రాత్రి ప్రార్థన తర్వాత నిశ్చింతగా నిద్రపొమ్మని ఆయన చేర్చిన సూచనలు చూస్తే, నిత్యత్వాన్ని నమ్మే ఇంటికి గుర్తు ఎడతెగని గంభీరత కాదని, దేవుని చేతుల్లో ఉన్నామన్న నెమ్మది అని అర్థమవుతుంది.

1530 జూన్ నెలలో లూథర్ కోబర్గ్ కోటలో ఉండవలసి వచ్చింది. తన తండ్రి మరణవార్త అక్కడే అందింది. ఆ తర్వాత రెండు వారాలకు, జూన్ 19న, ఇంటి దగ్గరున్న నాలుగేళ్ల కొడుకు హాన్స్‌కు ఆయన ఒక ఉత్తరం రాశాడు. అందులో ఒక అందమైన తోట ఉంది. బంగారు అంగీలు తొడుక్కున్న పిల్లలు చెట్ల కింద ఆపిల్, పియర్, చెర్రీ పండ్లు ఏరుకుంటూ, పాడుతూ, గెంతుతూ ఉన్నారు. బంగారు కళ్లేలు, వెండి జీనులు ఉన్న చిన్న గుర్రాలున్నాయి. ప్రార్థన చేసి, చదువుకొని, బుద్ధిగా ఉండే పిల్లలది ఆ తోట అని తోట యజమాని చెప్పాడని, హాన్స్ తన స్నేహితులను, ముసలి బంధువు లేనాను కూడా వెంట తీసుకురావచ్చని ఆ తండ్రి రాశాడు. తండ్రిని పోగొట్టుకున్న దుఃఖంలో ఉన్న వ్యక్తి, అగాధమైన వేదాంతం రాయగల వ్యక్తి, నాలుగేళ్ల పిల్లవాడికి పరలోకాన్ని గుర్రప్పిల్లలతో, పండ్లతో చెప్పాడు. ఒంటరిగా కాక ఇష్టమైనవారితో కలిసి వెళ్లే చోటుగా చెప్పాడు. పసివారికి నిత్యత్వాన్ని పరిచయం చేయడంలో ఇంతకు మించిన పాఠం అరుదు.

ఆ పాఠం పన్నెండేళ్ల తర్వాత ఆ ఇంటికే పరీక్షగా తిరిగివచ్చింది. రెండో సంతానమైన ఎలిసబెత్ ఆ ఉత్తరానికి ముందే, 1528లో, ఎనిమిది నెలల పసికందుగానే చనిపోయింది. ఆ తర్వాత పుట్టిన మగ్దలేనా 1542 సెప్టెంబరు 20న పదమూడేళ్ల వయసులో తండ్రి చేతుల్లోనే ప్రాణం విడిచింది. ఇక్కడి తండ్రి దగ్గర ఉంటావా, అక్కడి తండ్రి దగ్గరికి సంతోషంగా వెళ్తావా అని లూథర్ ఆమెను అడిగితే, దేవుని చిత్తమెలా ఉంటే అలాగే అని ఆమె జవాబిచ్చినట్టు ఆయన భోజనాల బల్ల దగ్గరి సంభాషణలను రాసిపెట్టినవారు నమోదు చేశారు. పిల్లతో అంత ధైర్యంగా మాట్లాడిన తండ్రే, కొద్ది రోజులకు స్నేహితుడు యూస్టస్ యోనాస్‌కు రాసిన ఉత్తరంలో, బిడ్డ ధన్యమైన ముగింపుకు దేవుణ్ణి స్తుతించవలసి ఉన్నా ఏడవకుండా ఉండడం తనకూ భార్యకూ సాధ్యం కావడం లేదని ఒప్పుకున్నాడు. నిత్యత్వాన్ని నమ్మేవారు కన్నీరు పెట్టకూడదనుకునే అపోహకు ఇది జవాబు. ఆ నమ్మకం వారి దుఃఖాన్ని చిన్నది చేయలేదు, దుఃఖానికి ఒక దిక్కు చూపింది.

మూడు నివాసాలు

లూథర్ మరణం తర్వాత మొరావియాలో పుట్టిన యాన్ ఆమోస్ కొమేనియస్ ఆధునిక విద్యాశాస్త్రానికి పితామహుడిగా గౌరవం పొందాడు. 1592 నుంచి 1670 వరకు జీవించిన ఆయన ‘బోహేమియన్ సహోదరులు’ అనే క్రైస్తవ సమాజానికి చివరి కాలపు బిషప్పు. యుద్ధం వల్ల స్వదేశం విడిచి ప్రవాసిగా బతికాడు; 1622లో మహమ్మారి ఆయన భార్యనూ ఇద్దరు పిల్లలనూ తీసుకుపోయింది. పిల్లల చదువు గురించి ఆయన రాసిన ‘మహా బోధనశాస్త్రం’ అనే లాటిన్ గ్రంథానికి పునాది నిత్యత్వమే. మనిషికి దేవుడు మూడు నివాసాలు ఏర్పరిచాడని, అవి తల్లి గర్భం, భూమి, పరలోకమని, మొదటిదాని నుంచి రెండోదానికి పుట్టుక ద్వారా, రెండోదాని నుంచి మూడోదానికి మరణం, పునరుత్థానాల ద్వారా చేరతాడని, ప్రతి నివాసం తర్వాతిదానికి సిద్ధపాటని ఆయన వివరించాడు.

ఈ పోలికను కొంచెం ముందుకు నడిపిస్తే పెంపకపు రహస్యం ఒకటి బోధపడుతుంది. గర్భంలోని శిశువుకు కళ్లు, కాళ్లు ఏర్పడతాయి గానీ అక్కడ చూడడానికి వెలుగు లేదు, నడవడానికి నేల లేదు. ఆ అవయవాలు రాబోయే లోకం కోసం. అలాగే ఈ లోకంలో బిడ్డ నేర్చుకునే సత్యం, కరుణ, స్తుతి, ఇతరుల కోసం తన వంతు వదులుకోవడం వంటివి ఇక్కడి పోటీలో పెద్దగా పనికిరానట్టు కనిపించవచ్చు. క్రైస్తవ విశ్వాసం ప్రకారం అవి తర్వాతి నివాసంలో ఉపయోగపడే అవయవాలు. అయితే కొమేనియస్ ఈ లోకాన్ని తేలికచేయలేదు. ఆరేళ్లలోపు పిల్లల కోసం రాసిన ‘శైశవ పాఠశాల’లో భక్తి, సత్ప్రవర్తనలతో పాటు చుట్టూ ఉన్న వస్తువుల పరిచయం, మాట, లెక్క, పాట, చేతిపని తల్లి ఒడిలోనే మొదలు కావాలని కోరాడు. లూథర్ కూడా 1524లో పట్టణ పాలకులకు రాసిన లేఖలో మగపిల్లలకే కాక ఆడపిల్లలకూ పాఠశాలలు తెరవాలని అర్థించాడు. పరలోకాన్ని నమ్మడమంటే చదువును నిర్లక్ష్యం చేయడమని వీరిద్దరిలో ఎవరూ అనుకోలేదు.

తెలుగు నేల మీద

ఈ వారసత్వం తెలుగు ఇళ్లకు 19వ శతాబ్దంలో చేరింది. జర్మనీలో పుట్టి అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. ఆ మిషన్ ఫలంగా 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం రూపుదిద్దుకుంది. విట్టెన్‌బర్గ్‌లో ఇంటి యజమానుల కోసం రాసిన ఆ చిన్న పుస్తకం అలా కృష్ణా, గుంటూరు, గోదావరి పల్లెల పిల్లల నాలుకల మీదికి వచ్చింది. ఒంగోలు ప్రాంతంలో కరవు తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు అక్షరం నేర్చుకునే అవకాశమే దక్కని దళితులు. చదవలేని ఆ తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు విశ్వాసం చెవి ద్వారానే చేరవలసి వచ్చింది కనుక, పాట, కంఠత వాక్యం, సాయంకాలపు కుటుంబ ప్రార్థన తెలుగు క్రైస్తవ పెంపకానికి మూడు కాళ్లయ్యాయి. 1803 నుంచి 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరి వంటి కవుల రచనలతో నిండిన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ నేటికీ ఎందరో అమ్మమ్మలకు, నాయనమ్మలకు చూడకుండా పాడగలిగినంతగా వచ్చు. పరలోకపు ఆశను తెలుగు పసివాళ్లు ప్రసంగాల్లో కంటే ముందు ఆ రాగాల్లో విన్నారు.

బిడ్డను దేవునికి అప్పగించే ఆచారం సంఘాన్ని బట్టి మారుతుంది. కథోలిక, లూథరన్, దక్షిణ ఇండియా సంఘాల్లో పసిబిడ్డకే బాప్తిస్మం ఇస్తారు. తర్వాత ఎదిగిన వయసులో ఆ విశ్వాసాన్ని తానుగా ఒప్పుకునే కార్యక్రమాన్ని కన్ఫర్మేషన్ అంటారు. బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాల్లో శిశు ప్రతిష్ఠ, అంటే బిడ్డను దేవుని సన్నిధిలో సమర్పించడం ముందు జరిగి, స్వయంగా విశ్వసించాక బాప్తిస్మం జరుగుతుంది. వేదాంతపరంగా ఈ రెంటి మధ్య తేడా పెద్దదే అయినా, బిడ్డ ముందుగా దేవునివాడని, ఆ తర్వాతే తమవాడని తల్లిదండ్రులు సంఘం ఎదుట ఒప్పుకోవడం రెండింటికీ సమానం.

ఆ ఒప్పుకోలు నేడు ఎక్కువగా ఒత్తిడికి గురయ్యేది ర్యాంకుల దగ్గర. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ తరగతులు మొదలయ్యే రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆదివారం ఉదయం పూట పెట్టే ట్యూషన్లు సండే స్కూలును మెల్లగా పక్కకు నెడుతున్నాయి. 1780లో ఇంగ్లాండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ ఈ ఆదివారపు బడులను మొదలుపెట్టింది వారమంతా కూలిపనిలో మగ్గే పిల్లలకు ఆ ఒక్క రోజైనా అక్షరమూ వాక్యమూ అందాలని. వారమంతా చదువులో మగ్గే పిల్లలకు ఇప్పుడు ఆ ఒక్క రోజు కూడా మిగలకపోవడం విచారకరం.

ఇంతకంటే సున్నితమైన ప్రమాదం ఇంటి ప్రార్థనలోనే ఉంది. బిడ్డ దేవుణ్ణి గురించి తల్లిదండ్రుల బోధ నుంచి కొంత, వారి విన్నపాల నుంచి ఎంతో నేర్చుకుంటుంది. పరీక్షలు, మార్కులు, ఉద్యోగం, వీసా, ఇంటి స్థలం తప్ప మరేదీ వినిపించని ప్రార్థనను ఏళ్ల తరబడి వింటూ పెరిగిన బిడ్డకు, దేవుడు కనబడేవాటిని సమకూర్చే శక్తి అన్న భావనే మిగులుతుంది. ర్యాంకు కోసం ప్రార్థించడం తప్పు కాదు; అదే మొదటిదీ చివరిదీ కావడం తప్పు. పక్కింటి పిల్లవాడితో పోట్లాడినందుకు క్షమాపణ, బడిలో ఒంటరిగా కూర్చునే తోటి పిల్ల కోసం విన్నపం, చనిపోయిన తాతయ్యను మళ్లీ చూస్తామన్న ఆశకు కృతజ్ఞత కూడా ఆ ప్రార్థనలో వినబడితే, నిత్యత్వం అనే మాట ఉచ్చరించకుండానే అది బిడ్డకు తెలిసిపోతుంది.

దృష్టి చెదిరే చోట్లు

నిత్యత్వం పేరిటే పెంపకం దారి తప్పే సందర్భాలు కూడా ఉన్నాయి. మొదటిది భయం, దాని గురించి క్రిసొస్తొము హెచ్చరిక ఇదివరకే చూశాం. రెండోది ప్రదర్శన. వేదిక మీద పిల్లలతో అధ్యాయాలకు అధ్యాయాలు ఒప్పజెప్పించి చప్పట్ల కోసం తల తిప్పి చూసే అలవాటు వాక్యాన్నే కనబడే వస్తువుగా మార్చేస్తుంది. మూడోది కాఠిన్యం. పిల్లలకు కోపం రేపవద్దని ఎఫెసీ పత్రికలోనూ, వారి మనసు కుంగిపోతుందని కొలస్సీ పత్రికలోనూ పౌలు తండ్రులను ప్రత్యేకంగా హెచ్చరించాడు. బిడ్డ ఆత్మ పేరు చెప్పి బిడ్డ మనసును విరిచే క్రమశిక్షణకు ఆ పత్రికల్లో చోటు లేదు.

ఈ విషయంలో సుసన్నా వెస్లీ జీవితాన్ని జాగ్రత్తగా చదవాలి. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ తల్లి అయిన ఆమె ఇంగ్లాండులో పందొమ్మిది మందిని కని, వారిలో సగానికి దగ్గరగా పసితనంలోనే పోగొట్టుకుంది. బిడ్డల స్వంత ఇష్టాన్ని చిన్నప్పుడే లొంగదీయాలన్న ఆమె అభిప్రాయాన్నీ, ఆమె కఠిన నియమాలనూ ఈ కాలం అనుసరించనక్కరలేదు. కానీ అంత పెద్ద సంసారంలో, అంత లేమిలో ఆమె వారంలో ఒక్కో సాయంత్రాన్ని ఒక్కో బిడ్డకు కేటాయించి, ఆ బిడ్డతో ఏకాంతంగా దేవుని విషయాలు మాట్లాడేది. జాన్ వంతు గురువారం. పెద్దవాడై ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు కూడా ఆయన ఆ గురువారపు సాయంత్రాలను తల్లికి రాసిన ఉత్తరంలో గుర్తుచేసుకున్నాడు. ఆమె నియమాల పట్టికను కొడుకు తలచుకోలేదు, తన ఒక్కడి కోసం కూర్చున్న తల్లిని తలచుకున్నాడు.

నాటేవారు, పెంచేవాడు

నిత్యత్వ దృష్టి తల్లిదండ్రుల నుంచి చివరికి కోరేది అన్నిటికంటే కష్టమైనది, బిడ్డ మీద తమ పట్టును సడలించుకోవడం. తాను నాటాననీ, అపొల్లో నీళ్లు పోశాడనీ, మొలిపించింది మాత్రం దేవుడేననీ పౌలు సంఘాన్ని ఉద్దేశించి అన్న మాట ఇంటికి కూడా చెల్లుతుంది. విశ్వాసాన్ని బిడ్డలో తల్లిదండ్రులు ఉంచలేరు. అది మొలకెత్తే నేలను దున్నగలరు. ఈ తేడా తెలియని ఇంట్లో బిడ్డ విశ్వాసం తల్లిదండ్రుల పరువు సమస్యగా మారుతుంది.

నేటి అల్జీరియాలోని తగాస్తేకు చెందిన మోనికా ఈ పాఠాన్ని ఏళ్ల తరబడి కన్నీళ్లతో నేర్చుకుంది. విశ్వాసానికి దూరమై తనకు తోచిన దారిన పోయిన కొడుకు అగస్టీన్‌తో వాదించి గెలవమని ఆమె ఒక బిషప్పును బతిమాలితే, ఆయన వాదనకు ఒప్పుకోక, అంత కన్నీరు కార్చిన తల్లి బిడ్డ నశించడని ధైర్యం చెప్పి పంపాడు. 387లో మిలాను నగరంలో అగస్టీన్ బాప్తిస్మం పొందాడు. అదే ఏడాది ఓస్తియా రేవులో యాభై ఆరేళ్ల మోనికా కన్నుమూసింది. భర్త సమాధి పక్కనే తనను పాతిపెట్టాలని అంతకుముందు ఎంతో శ్రద్ధతో ఏర్పాటు చేసుకున్న ఆమె, చివరికి దేహాన్ని ఎక్కడ ఉంచినా చింత లేదని, దేవుని బలిపీఠం దగ్గర తనను తలచుకుంటే చాలని కొడుకులతో చెప్పింది. కొడుకును దేవునికి వదలడం నేర్చుకున్న తల్లి, తన సమాధిని కూడా వదలగలిగింది.

ఆ వదలడం అశ్రద్ధ కాదని చూపే తల్లి బైబిలులోనే ఉంది. సమూయేలు మొదటి గ్రంథంలోని హన్నా బిడ్డ కోసం మొక్కుకొని, పుట్టిన బిడ్డకు పాలు మాన్పించాక షిలోహు ఆలయంలో దేవునికి అప్పగించింది. ఆ ఆలయ యాజకుడు ఏలీ స్వయంగా తన కుమారుల దుర్మార్గాన్ని అడ్డుకోలేకపోయినవాడు. అలాంటి చోట ఆ పసివాణ్ణి ఉంచి ఇంటికి మళ్లడం ఆ తల్లికి ఎంత బరువైన నడకో గ్రంథం చెప్పదు. కానీ ఒక చిన్న వివరం చెబుతుంది. ఏటేటా బలి అర్పించడానికి భర్తతో కలిసి వచ్చినప్పుడు ఆమె ఆ బిడ్డకు ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చేది.

ఏడాదికోసారి మాత్రమే చూసే బిడ్డకు అంగీ కుట్టాలంటే తల్లి ముందు అతని ఎదుగుదలను ఊహించుకోవాలి. భుజం ఎంత పెరిగి ఉంటుందో, చెయ్యి ఎంత సాగి ఉంటుందో కంటికి కనబడని కొలతతో గుడ్డ కత్తిరించాలి. ఆ అంగీ మరుసటి ఏడాదికి పొట్టి అయిపోతుందని ఆమెకు తెలుసు, అయినా కుట్టింది. నిత్యుడైన దేవునికి ఇచ్చేసిన బిడ్డకు ఏడాది కూడా ఆగని బట్ట ఎందుకని ఆమె అనుకోలేదు. పసిపిల్లలున్న ప్రతి క్రైస్తవ ఇంట్లో ఈ రాత్రి కలిపే అన్నం ముద్ద, చెప్పే కథ, నుదుట పెట్టే చెయ్యి, పడుకునే ముందు చేసే చిన్న ప్రార్థన హన్నా కుట్టిన అంగీ లాంటివే. అవి త్వరలోనే పొట్టి అయిపోతాయి, బిడ్డ వాటిని దాటి పెరుగుతాడు. వాటిని తొడుక్కొని పెరిగిన ఆ బిడ్డ మాత్రం నిత్యత్వం కోసం పుట్టినవాడు.